చిలుము పోయేదాకా

నేను గిన్నెలకు కళాయి పూసేవాణ్ణి. చిలుము పట్టిన రాగి గిన్నెను నిప్పుల మీద కాల్చి, రుద్ది, లోపల తగరం పూస్తాను. మాటలు తక్కువ. "ఈయన నోటికి కూడా కళాయి పూసేశారు" అనేది మా ఆవిడ.

మా అబ్బాయి బాప్తిస్మం తీసుకోకుండా పోయాడు. చర్చికి రమ్మంటే, "నా బదులు అమ్మ రెండు పాటలు ఎక్కువ పాడుతుందిలే" అని నవ్వేవాడు. పనిచేసేచోట కరెంటు కొట్టింది. నమ్మకుండా పోయినవాళ్ళు ఎప్పటికీ అగ్నిలోనే ఉంటారని మా సంఘంలో చెబుతారు. సమాధి దగ్గర ఆ మాట ఎవరూ అనలేదు. అనకపోయినా ఆవిడకు వినబడింది. ఆ తరువాత ఆవిడ పాడలేదు.

ఆవిడ మంచాన పడ్డాక పాస్టరు గారు ప్రభు బల్ల ఇంటికే తెచ్చారు. లేవలేనివాళ్ళకు రొట్టె, ద్రాక్షరసం అలా తెచ్చి ఇవ్వడం మా సంఘం అలవాటు. మా అమ్మాయి దుప్పటి సర్దింది. నేను చేతులు కడుక్కుని నిలబడ్డాను.

ఆయన రొట్టె విరుస్తుంటే ఆవిడ, "మావాడికి కూడా ఒక ముక్క విరవండి అయ్యగారూ" అంది.

ఆయన చెయ్యి ఆగింది. "వాడు లేడు కదమ్మా."

"లేడని నాకు తెలీదా? నేను వెళ్ళేచోట ఉంటాడా అని అడుగుతున్నా."

ఆయన మంచివారు, అబద్ధం ఆడలేరు. కళ్ళు దించుకుని, "అది దేవుడి చిత్తం తల్లీ" అన్నారు.

"అయితే నాకొద్దు. వాడు లేని పరలోకంలో కూర్చుని నేనేం పాడను?" నోరు బిగించి గోడవైపు తిరిగింది.

"అలా అనకే అమ్మా" అని అమ్మాయి ఏడ్చింది.

నాలో చాలాకాలంగా ఒక మాట నానుతోంది. కొలిమి దగ్గర కూర్చున్నప్పుడల్లా వచ్చేది. చర్చిలో అనే మాట కాదని లోపలే ఉంచుకున్నాను. మంచం అంచున కూర్చున్నాను.

"ఇదిగో, నిప్పుల మీద పెట్టిన గిన్నెను నేనెప్పుడైనా అక్కడే వదిలేసి ఇంటికొచ్చానా?"

"గిన్నే, పిల్లాడూ ఒకటేనా?" అంది, ఇటు తిరక్కుండానే.

"చిలుము పోయేదాకే నిప్పు. గిన్నె మీద కోపం ఎవరికుంటుంది? నాకే లేనిది దేవుడికుంటుందా? వాడొస్తాడు. అందరూ వస్తారు. కొందరికి ఆలస్యం, అంతే."



ఆవిడ నా వైపు తిరిగింది. "నా కోసం అంటున్నావా, నిజంగా అనుకుంటున్నావా?"

"ఒకరి కోసం అనడం నాకెప్పుడు చేతనైంది?"

"అదీ నిజమే. పెళ్ళినాడు కూడా బాగున్నావని అనలేదు."

నోరు తెరిచింది. పాస్టరు గారు ముక్క నాలుక మీద పెట్టారు. ద్రాక్షరసం లోపలికి పోలేదు, పెదవులే తడిశాయి.

సాయంత్రానికి పోయింది.

ఒళ్ళు తుడుస్తూ అమ్మాయి పిలిచింది. "నాన్నా, అమ్మ బుగ్గలో రొట్టె అలాగే ఉంది. తియ్యనా?"

"వద్దమ్మా, ఉండనీ."

మింగలేకపోయిందో, నా మాట నమ్మలేకపోయిందో నాకు తెలియదు. ఆ మాట ఇప్పుడు తల్లీకొడుకులిద్దరికీ నిజం కావాలి.