పొద్దుటి లోడు

చెల్లెలికి కిడ్నీ ఇస్తానని సుబ్బరాయుడు అన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. జగ్గయ్యపేట మార్కెట్ యార్డులో బస్తాలు దించే హమాలీల ముఠాకి ముప్పై ఏళ్ళుగా మేస్త్రీ ఆయన. బరువు కనబడితే భుజం పెట్టడం తప్ప ఇంకోటి తెలియని మనిషి. కమలాకుమారి మాత్రం వద్దంది. వద్దంటూనే, తన మాట అన్న పట్టించుకోకూడదని లోపల్లోపల దేవుడికి దండం పెట్టుకుంది.

ఆమెకి యాభై ఆరేళ్ళు. భర్త పోయి ఆరేళ్ళయింది. రెండేళ్ళుగా వారానికి మూడు రోజులు నందిగామ వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటోంది. కూతురు లహరి ఇస్తానంది గానీ బ్లడ్ గ్రూపు కలవలేదు. చనిపోయినవాళ్ళ కిడ్నీల కోసం ఆసుపత్రి వాళ్ళు రాసుకున్న జాబితాలో కమల పేరుంది. ఆ జాబితా ఎప్పటికి కదులుతుందో చెప్పే నాథుడు లేడు. ఇక మిగిలింది అన్నయ్య ఒక్కడే.

విజయవాడలో డాక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. అరవై మూడేళ్ళు, ఎనభై ఎనిమిది కిలోలు, పైగా బీపీ. "మూడు నెలలు టైమిస్తాను పెద్దాయనా. ఎనిమిది కిలోలు తగ్గాలి. మాత్ర మానకుండా వేసుకుని, నడిచి, బీపీ దారిలోకి తెచ్చుకోండి. అప్పుడు పరీక్షలన్నీ చేసి, తీసుకోవచ్చో లేదో చెప్తాం," అన్నాడు.

నడవమంటే ఆయనకి నామోషీ. మోయడం మానేసి పదేళ్ళయినా, ఒంటికి పని చెప్పడమంటే ఆయన లెక్కలో చెమట ఏరులై పారాల్సిందే. తెల్లవారితే కుదరదు. డయాలసిస్ రోజుల్లో కమలతో నందిగామ వెళ్ళాలి, మిగతా రోజుల్లో ముఠాకి లారీలు పంచాలి. అందుకని సాయంత్రం ఆరున్నర దాటాక కాలేజీ గ్రౌండుకి వెళ్ళేవాడు. మొదటి వారం నడిచాడు. రెండో వారం పరుగు మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి గ్యాలరీ మెట్లు ఎక్కి దిగుతున్నాడని, అదీ భుజం మీద ఇసుక బస్తాతోనని పేటంతా చెప్పుకున్నారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు నవ్వారు. నవ్విన వాళ్ళ మీద కమలకి ఒళ్ళు మండింది. మెచ్చుకున్న వాళ్ళ మీదే మండాల్సిందని తర్వాత గానీ తెలియలేదు.

మొదట తేడా కనిపించింది కొబ్బరిబోండం దగ్గర. నందిగామలో నాలుగు గంటలు మంచం మీద పడి లేచి, బయట బెంచీ మీద కూర్చున్న కమల చేతిలో ఆయన కొబ్బరిబోండం పెట్టాడు. డయాలసిస్ మనిషికి కొబ్బరినీళ్ళు విషంతో సమానమని రెండేళ్ళుగా ఊరందరికీ చెప్పి, చుట్టాలెవరైనా తెస్తే గుమ్మంలోంచే తిప్పి పంపిన మనిషి ఆయనే.

"ఏంటన్నయ్యా ఇది?" అంది కమల.

సుబ్బరాయుడు బోండం వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. గబుక్కున లాక్కుని పక్క మురుగ్గుంటలో విసిరేశాడు. "ఏదో పరాకులో ఉన్నానే," అన్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నిద్రపోతున్నావా అసలు?"

"పోకేం? పక్కమీద వాలితే ఒళ్ళెరగను."

కమల ఆ సాయంత్రమే వదినకి ఫోన్ చేసింది. వదిన వెంకటరత్నం ఈ మాట ఎవరైనా అడిగితే బాగుండునని కాచుక్కూర్చున్నట్టుంది. ఆగకుండా చెప్పింది. "మీ అన్నయ్య కంటినిండా నిద్రపోయి నెల దాటిందమ్మా. గ్రౌండు నించి వచ్చి, నీళ్ళు పోసుకుని, రెండు పుల్కాలు తిని పడుకుంటాడు. ఇంక దొర్లడమే. గుండె దడదడా కొట్టుకుంటా ఉందంటాడు. కాళ్ళల్లోంచి ఆవిర్లు వస్తన్నాయంటాడు. తెల్లారుజామున ఓ గంట మాగన్నుగా పడితే పడినట్టు. ఇదేంటయ్యా అంటే, ఒళ్ళింకా అలవలేదే, అలిస్తే నిద్ర దానంతటదే వస్తదీ అని మర్నాడు ఇంకో పది మెట్లెక్కి వస్తన్నాడు. నువ్వైనా చెప్పమ్మా, నా మాట వినడు."

చెప్తానంది కమల. చెప్పలేదు. చెబితే ఆయన ఆగుతాడు. ఆగితే బరువు తగ్గదు. అప్పటికి అయిదు కిలోలు తగ్గాడు. ఇంకో మూడు కిలోలు తగ్గితే తను బతుకుతుంది. ఈ లెక్క ఆమె కావాలని వేయలేదు, దానంతటదే బుర్రలోకి వచ్చి కూర్చుంది. దాన్ని తోసెయ్యడానికి ఆమెకి బలం చాలలేదు.

రెండో నెల చివర విజయవాడ వెళ్తే బీపీ మొదటికన్నా ఎక్కువే ఉంది. డాక్టరు రెండోసారీ మూడోసారీ చూశాడు. "బరువు బాగా తగ్గారే. మరి ఇదెందుకు దిగట్లేదు? నిద్ర సరిగ్గా పడుతోందా?"

"భేషుగ్గా పడుతోందండి," అన్నాడు సుబ్బరాయుడు. నిద్ర పట్టడంలేదంటే ముసలివాడివని తోసేస్తారని ఆయన భయం.

డాక్టరు కమల వైపు తిరిగాడు. "నిజమేనామ్మా?"

అసలు సంగతి కమల నోటి దాకా వచ్చింది. "నిజమేనండి," అంది.

డాక్టరు మాత్ర మార్చి రాశాడు. ఇంకో నెల చూద్దామన్నాడు. బస్సులో అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆయన అబద్ధం ఆమె కోసం. ఆమె అబద్ధమూ ఆమె కోసమే. ఈ తేడా నందిగామ దాటినా కమలని వదల్లేదు.

తర్వాత పది రోజులకి, ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ, బాబ్జాన్ ఆయన్ని భుజం పట్టి నడిపించుకుంటూ కమల ఇంటికి తీసుకొచ్చాడు. కాలేజీ గ్రౌండు ఆ వీధి చివరే. బాబ్జాన్ ముఠాలో పాతకాపు, అరవైకి దగ్గరపడినవాడు. సుబ్బరాయుడి మోచెయ్యి చెక్కుకుపోయి నెత్తురోడుతోంది, మోకాలు వాచింది.

"గ్యాలరీ మీంచి జారాడు చెల్లెమ్మా," అన్నాడు బాబ్జాన్. "పైమెట్టు మీద నిలబడి కళ్ళు మూశాడు. నిలబడే తూగాడు. బస్తా ముందు పడింది, లేకపోతే ఈయన తల పడేది."

కమల పసుపు, గుడ్డ తెచ్చింది. మోచేతికి కట్టు కట్టింది. మాట మాత్రం ఆపుకోలేకపోయింది. "అన్నయ్యకి రెండు నెలలుగా నిద్ర లేదు బాబ్జాన్ అన్నా. నాకు తెలుసు. వదిన చెప్పింది. తెలిసీ డాక్టరు దగ్గర నోరు మూసుక్కూచున్నా."

సుబ్బరాయుడు తలెత్తి చెల్లెల్ని చూశాడు.

బాబ్జాన్ మేస్త్రీ ఎదురుగా చతికిలబడ్డాడు. "మేస్త్రీ, ఓ మాటడుగుతా చెప్పు. నా యాభయ్యో ఏడు వెళ్ళగానే నన్ను సాయంత్రం లారీ మీంచి తీసేసింది ఎవరు?"

"నేనే."

"ఎందుకు తీసేశావు? నేను కొట్లాటకొచ్చా గుర్తుందా? నాకింకా సత్తువుంది, కుర్రాళ్ళతో సమానంగా మోస్తానన్నా. అప్పుడు నువ్వేమన్నావు?"

సుబ్బరాయుడు వాచిన మోకాలు రుద్దుకున్నాడు.

"నేను చెప్తా. యాభై దాటినోడికి పొద్దుటి లోడే అన్నావు. సత్తువ గురించి కాదురా, పొద్దుగూకాక మోస్తే బస్తా దిగుద్ది గానీ ఒళ్ళు లోడు దించదు, రాత్రంతా మోస్తానే ఉంటది, మర్నాడు లారీకి వేసిన చెక్క మీంచి జారి చస్తావు అన్నావు. ముఠాలో ఎంతమందికి చెప్పావు ఆ మాట! పెద్దోళ్ళందరినీ పొద్దుటికి మార్చావు. మరి నీకెన్నేళ్ళు మేస్త్రీ?"

సుబ్బరాయుడు ఈ రోజు దాకా ముఠాలో ఎవరి వయసెంతో వేళ్ళ మీద చెప్పగల మనిషి. తన పేరు ఆ పెద్దోళ్ళ వరసలో రాసుకోవాలని ఒక్కనాడూ తోచలేదు. పంచేవాడికి తన వాటా గుర్తుండదు. "అరవై మూడురా," అన్నాడు చివరికి.

"పొద్దుటి లోడుకి రా. అదీ బస్తా లేకుండా. లారీలు నేను పంచుతా. చెల్లెమ్మని నందిగామ నేను తీసకపోతా."

అలాగే చేశారు. బాబ్జాన్ డయాలసిస్ గది దగ్గర రోగులతో వచ్చిన వాళ్ళందరికన్నా ఓపిగ్గా కూర్చునేవాడు. నర్సు లూర్దమ్మ ఆయన్ని కూడా అన్నయ్యే అనుకుంది. సుబ్బరాయుడు తెల్లారాక గంటసేపు మామూలుగా నడిచి, సాయంత్రాలు అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. ఊరికే కూర్చోవడం ఆయన జీవితంలో చేసిన పనులన్నిటికన్నా కష్టమైందని వెంకటరత్నం చెప్పింది. నిద్ర రమ్మనగానే రాలేదు. మొదట రాత్రికి రెండు గంటలే పట్టింది, తర్వాత మూడు గంటలు పడుకోగలిగాడు. బీపీ కొంచెం కొంచెంగా దిగింది. ఎనభై కిలోలకి వచ్చాడు. డయాలసిస్ వల్ల నీళ్ళు కొలిచి తాగాల్సిన కమల, రాత్రిపూట మంచం మీద పడుకుని, తను మళ్ళీ కడుపారా మంచినీళ్ళు తాగుతున్నట్టు ఊహించుకునేది. గ్లాసుతో కాదు, చెంబుతో.

మూడో నెల చివర పరీక్షలన్నీ చేశారు. బీపీ బాగానే ఉంది. డాక్టరు కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగిపోయాడు.

"పెద్దాయనా, మీ మూత్రంలో ప్రొటీన్ పోతోంది. రెండోసారి కూడా చేయించాం, అదే వచ్చింది. మీ కిడ్నీల మీద బీపీ దెబ్బ ఉంది. ఉన్న రెండూ మీకే కావాలి. మేం తీసుకోలేం."

సుబ్బరాయుడు కుర్చీ చివరికి జరిగాడు. "నేను నిద్ర లేకుండా పరిగెత్తినందువల్లేనాండి?"

"కాదు. ఇది ఏళ్ళ తరబడి లోపల జరిగిన పని. మీరు పరిగెత్తినా పరిగెత్తకపోయినా ఇదే వచ్చేది. ఇప్పుడు తెలియడం మీ అదృష్టం అనుకోండి."

"ఇంకో మూడు నెలలు టైమివ్వండి. ఇదీ తగ్గించుకుంటా."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అదృష్టమనే మాట అక్కడ అనకుండా ఉండాల్సిందని ఆయనకీ తోచినట్టుంది, లేచి వచ్చి సుబ్బరాయుడి భుజం మీద చెయ్యి వేశాడు.

విజయవాడ బస్టాండులో కోదాడ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అది జగ్గయ్యపేట బస్టాండులో ఆగి, అవతల కోదాడకి పోయే బస్సు. కమల కిటికీ పక్కన కూర్చుంది. సుబ్బరాయుడు పక్కన కూర్చుని, ఇబ్రహీంపట్నం వచ్చేదాకా రోడ్డునే చూశాడు. అప్పుడు అన్నాడు, "నిన్ను మోయలేకపోయానే."

కమలకి అప్పటిదాకా ఏడుపు రాలేదు. ఆ మాటతో వచ్చింది. కొంగుతో నోరు నొక్కుకుని, కాసేపటికి తేరుకుని చెప్పింది. "అన్నయ్యా, ఆయన కుదరదన్నప్పుడు నాకు భయమేసింది. చచ్చిపోతాననే భయం. దాని వెంటనే నువ్వు నిండుగా ఉంటావని హాయిగా కూడా అనిపించింది. రెండూ ఒక్కసారే వచ్చినయ్. నువ్వు నిద్రలేక తూలుతున్నావని తెలిసీ, డాక్టరుకి నిజమేనండి అన్నదాన్ని నేను. నువ్వా మెట్ల మీంచి పడి పోయుంటే, నీ కిడ్నీ పెట్టుకుని నేనెట్లా బతికేదాన్ని?"

"నేను చెప్పమన్నట్టే చెప్పావు కదే."

"నువ్వేం చెప్పమనలా. నాకు బతకాలనుంది, అందుకని చెప్పా. నన్ను క్షమించు."

సుబ్బరాయుడు ఆమె కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎడమ చెయ్యి సూదులు గుచ్చే చెయ్యి, దాన్ని ఎవరూ నొక్కకూడదు. "బతకాలనుండటం తప్పెట్లా అవుద్దే పిచ్చిమొహమా," అన్నాడు. తర్వాత ఇంకా ఏదో అనబోయాడు. జాబితా సంగతో, హైదరాబాదులో అడుగుదామనో. మాట సగంలో ఆగిపోయింది. కంచికచర్ల రాకముందే ఆయన తల చెల్లెలి భుజం మీదికి వాలింది.

మాగన్ను కాదు. నోరు తెరుచుకుని, చేతులు ఒళ్ళో వదిలేసి, ఆదమరిచిన నిద్ర. నందిగామలో జనం తోసుకుంటూ ఎక్కారు, ఎవరిదో సంచి ఆయన మోకాలికి తగిలింది, కదల్లేదు. కమల భుజం తిమ్మిరెక్కింది. ఆమె కూడా కదల్లేదు. ఆయన ఊపిరి తీసి వదిలినప్పుడల్లా ఆ బరువైన గుండె తన పక్కటెముకలకి తగులుతోంది. దడదడా లేదు, నిదానంగా ఉంది.

బస్సు పేట బస్టాండులో ఆగింది. కండక్టరు దగ్గరికొచ్చాడు. "జగ్గయ్యపేట అమ్మా. మీదిక్కడే కదా, లేపండి పెద్దాయన్ని."

కమల కుడిచేత్తో పర్సు తీసింది. "కోదాడకి రెండు టికెట్లు కొట్టండి బాబూ."

"కోదాడలో ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరు," అంది కమల, గొంతు తగ్గించి. "మా అన్నయ్య పడుకున్నాడు."