ఆషాఢంలో ఉప్పునీళ్ల తొట్టి

జ్యేష్ఠం ముగిసే వేళకు జనగామలోని ఆ చిన్న ఇంట్లో ఒకటే మాట నలుగుతోంది. ఆషాఢం వస్తోంది, కొత్త కోడలు పుట్టింటికి పోవాలి. భూపాలపల్లి నుంచి తల్లి ఫోన్ మీద ఫోన్ చేస్తోంది, తమ్ముడు నగేశ్‌ను పంపిస్తున్నానని, చీరలు సర్దిపెట్టుకోమని. యమున ఒక్క చీరా సర్దలేదు. ముందుగదిలో గాజుతొట్టి ఎదురుగా చాప వేసుకుని కూర్చుని, పోనంటే పోనంది.

ఆ తొట్టి సంగతి కొంచెం చెప్పాలి. పెళ్లికి ఏం కావాలని స్నేహితురాళ్లు అడిగితే మిక్సీ అనో, డిన్నర్ సెట్టు అనో చెప్పకుండా సముద్రం కావాలంది యమున. హన్మకొండలో జువాలజీ చదివిన పిల్ల. వాళ్లు కడుపుబ్బ నవ్వి, తలా ఒక చెయ్యి వేసి ఓ చిన్న తొట్టి, నీలిరంగు లైటు, నీళ్లను తిప్పే మోటారు, బకెట్‌డు సముద్రపు ఉప్పు పంపించారు. జనగామ బోరు నీళ్లు గిన్నెలకు తెల్లచారలు కట్టే రకం, వాటిలో కోరల్స్, అంటే పగడపు జీవులు, బతకవు. మొగుడు యుగేందర్ బండి మీద వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లు మోసుకొచ్చాడు. వాటిలో ఉప్పుపొడి కలిపి, చుక్క నీటిని ఉప్పు కొలిచే అద్దం మీద వేసి, ఒక కన్ను మూసి చూసి, సముద్రం తయారైందని యమున ప్రకటించింది. తొర్రలు తొర్రలుగా ఉన్న రాళ్లను ఇద్దరూ గుట్టలా పేర్చారు. ఆమె ఒకటి పెడితే అతనొకటి పెట్టేవాడు. కూలినప్పుడల్లా పెళ్లిలో తలంబ్రాలు పోసుకున్నంత సంబరం.

ఆ తర్వాత చాలా రోజులు తొట్టిలో ఏమీ లేదు. రాళ్లలో మేలుచేసే సూక్ష్మజీవులు పెరిగి నీళ్లు కుదురుకునేదాకా ప్రాణమున్నదేదీ వేయకూడదు. వచ్చినవాళ్లంతా చేపలేవని అడిగేవాళ్లు. ఎండకు నీళ్లు కాగిపోకుండా యమున తొట్టి మీదికి చిన్న ఫ్యాను తిప్పిపెడితే అత్త మైసమ్మ ఆగలేకపోయింది.

"మనుషులకు శెమటలు గారుతున్నయ్. ఉత్త నీళ్లకు గాలి పెట్టినవేందే పిల్లా?"

యమునకు కోపం రాలేదు. కొత్త పెళ్లికూతురికి ఆ రోజుల్లో దేనికీ కోపం రాదు. పరీక్షగొట్టంలో రంగు మారితే పండగ, రాయి మీద గోధుమరంగు నాచు కడితే పండగ.

చివరికి ఒక సాయంత్రం యుగేందర్ సికింద్రాబాద్ నుంచి రైల్లో, థర్మాకోల్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కోరల్స్ తెచ్చాడు. రాతి గూడు కట్టుకోని, మెత్తటి ఒళ్లున్న రకాలు. ఒకటి పుట్టగొడుగు టోపీలా ఉంది. ఒకటి ముట్టుకుంటే ముడుచుకునే పచ్చగడ్డిలా ఉంది. మూడోది చిన్న చిన్న చేతుల గుత్తి. యమున తొట్టి నీళ్లను చుక్కచుక్కగా అవి ఉన్న ప్లాస్టిక్ సంచుల్లోకి వదిలి, అలవాటు చేసి, వాటిని రాళ్ల మీద నిలిపింది. మర్నాడు ఆ చేతులన్నీ గుప్పిళ్లు మూస్తూ తెరుస్తూ ఉంటే, ఒళ్లంతా సబ్బునురుగుతో ఉన్న మొగుణ్ని స్నానాల గదిలోంచి పిలిచి మరీ చూపించింది. మైసమ్మ కూడా కొంగుతో అద్దం తుడిచి చాలాసేపు చూసింది. గోబిపువ్వు ఊపిరి పీలుస్తున్నట్టుందని అంది.

ఇదిగో, సరిగ్గా అప్పుడొచ్చింది ఆషాఢం.

చిన్న తొట్టి. ఫ్యాను గాలికి నీళ్లు రోజూ తగ్గుతాయి, ఉప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. పూటపూటా చూసుకుని మంచినీళ్లు పోయకపోతే లోపలున్నవి చస్తాయి. నేను పోస్తాలే అన్నాడు యుగేందర్. కానీ పనికని పొద్దున్నే రైలెక్కితే చీకటి పడ్డాక దిగేవాడు. పైగా మొన్న ఒడిబియ్యానికి యమున భూపాలపల్లి పోయినప్పుడు, తగ్గింది సముద్రమే కదా అని ఉప్పునీళ్లే కలిపి పోసిన ఘనుడు. రాళ్లు తప్ప ఏమీ లేవు కాబట్టి సరిపోయింది. మైసమ్మకు నేర్పుదామంటే, ఆ కరెంటు నీళ్లలో చెయ్యి పెట్టేది లేదని ఎప్పుడో తేల్చేసింది.

గోడ అవతలి కొమురమ్మ వచ్చి ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒక గడప దాటితే ఏమేం జరుగుతుందో పేర్లతో సహా చెప్పిపోయింది. మైసమ్మ కొడుక్కి అన్నం వడ్డిస్తూ, ఎవరేమన్నా గడప గడపేనంది. యమున ఇంకొక్క ముద్ద కూడా తినలేదు.

"ఒక గడప ఇద్దరం దాటొద్దు, గంతే గదా అత్తమ్మా?"

"గంతే."

"మరి ఒక్కరు పోతే సాలు. మీరు పోండ్రి."

మైసమ్మ గరిటె గిన్నెలో పెట్టి లోపలికి వెళ్లి పడుకుంది. తెల్లారేసరికి, కోడలు అత్తను ఇంట్లోంచి వెళ్లగొడుతోందన్న కబురు వీధి చివరి కిరాణా దాకా పాకింది. భూపాలపల్లి నుంచి తల్లి ఫోన్లో ఏడ్చింది, పరువు తీశావంది. యుగేందర్ కూడా, ఒక్క నెలే కదా, చస్తే కొత్తవి తెస్తానన్నాడు. ఆ మాటకు యమునకు నిజంగా కోపం వచ్చింది. పెళ్లయ్యాక మొదటి కోపం. కొత్తవి తేవచ్చు, కానీ ఇవి నన్ను నమ్ముకుని తెరుచుకున్నాయంది. నగేశ్ వస్తే రానీ, కాళ్లూచేతులూ కట్టి తీసుకుపోతాడా చూస్తానంది. మైసమ్మ మాత్రం ఆ రెండు రోజులూ కోడలితో పలకలేదు.

అమావాస్య పొద్దున నగేశ్ బండి వాకిట్లో ఆగింది. కొమురమ్మ చీపురు పట్టుకుని అప్పటికే గోడ దగ్గరుంది. యమున చేతులు కట్టుకుని తొట్టి పక్కన నిలబడింది. నగేశ్ నోరు తెరవబోయేలోగా లోపలినుంచి మైసమ్మ వచ్చింది. కొత్త నేత చీర, తలకు నూనె, చంకలో సంచి.

"కొడుకా, జర నన్ను బస్టాండ్ల దించు. జఫర్‌గఢ్ పోవాలె, మా అన్న యాకయ్య కాడికి."

నగేశ్ అక్క వైపు చూశాడు. అక్క కూడా నోరు తెరుచుకునే ఉంది.

"గట్ల జూడకు" అంది మైసమ్మ కోడలితో. "పెండ్లయినంక తల్లిగారింట్ల నెల దినాలు ఉన్నదే లేదు. మా అన్న పిలుసుడు, నేను ఇల్లెవలు జూస్తరనుడు. నువ్వన్న మాటకు రెండు దినాలు నిద్ర వట్టలే. కోపంతోని గాదు. గింత అల్కటి ముచ్చట నాకెందుకు తట్టలేదా అని."

గోడ అవతలి నుంచి కొమురమ్మ, ఆషాఢంలో మొగుడూపెళ్లాలను ఒక్క ఇంట్లో వదిలిపోవడం ఎక్కడైనా ఉందా అంది.

"మీ ఇంట్ల ఉండకపోవచ్చు కొమురా. నా ఇంట్ల ఉన్నది" అంది మైసమ్మ, సంచి నగేశ్ చేతికిస్తూ. యమునకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అత్త గడప దాటేదాకా తను ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

నగేశ్ బండి స్టార్ట్ చేయలేక చేస్తూ, ఇంటికి పోయి ఏమని చెప్పాలని అడిగాడు.

"ఆషాఢం మర్యాద తప్పలేదని జెప్పు" అంది యమున. "పోయేటోళ్లు తల్లిగారింటికి పోయిన్రని జెప్పు."

బండి సందు మలుపు తిరిగింది. కొమురమ్మ ఇంకా గోడ దగ్గరే ఉంది. యమున ఆమెకు కనబడేలా తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచిపెట్టి, మంచినీళ్ల చెంబు తీసుకుని తొట్టి దగ్గరికి నడిచింది.