నలభై మూడు ఫోన్లు

మా ఆఫీసులో అతన్ని అందరం మైకు అనేవాళ్లం. ఎదురుగా మాత్రం సార్ అనేవాళ్లం. మా పని బాగుందో లేదో మేనేజరు అడిగి తెలుసుకునేది అతన్నే కాబట్టి అంతకు మించిన ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

మైకు మూడు పనులు చేసేవాడు. ప్రోగ్రాములు రాసేవాడు, పుస్తకాలు రాసేవాడు, సభల్లో మాట్లాడేవాడు. ఈ లెక్క నాది కాదు, అతనిదే. ఎక్కడ నలుగురు కూడినా "మూడూ ఎలా నెట్టుకొస్తున్నారండీ" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. అతను కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "సమతూకం" అనేవాడు. ఆ ఒక్క మాట మీద నూట అరవై పేజీల పుస్తకం వేశాడు. అందులో రోజును బ్రెడ్డు ముక్కల్లా కోసి చూపించాడు. పొద్దున రెండు గంటలు రచన, పగలు ఏడు గంటలు కోడు, సాయంత్రం గంటసేపు అద్దం ముందు ప్రసంగం.

అతని పక్క కుర్చీలో ఆరేళ్లు కూర్చున్నాను. ఆ పగటి ఏడు గంటల సంగతి నాకు బాగా తెలుసు. కంప్యూటరులో కోడు తెరిచే ఉండేది. దాని వెనకాల ప్రసంగం ఉండేది. ఎవరైనా వస్తున్న అలికిడైతే కోడును ముందుకు లాగేవాడు. ఆ లాగడంలో అతని చేతి చురుకు చూసి తీరాల్సిందే. ఆ వేగంలో సగం పనిలో ఉంటే మేమంతా రోజూ ఐదింటికే ఇళ్లకు వెళ్లేవాళ్లం.

మా కంపెనీ రక్తపరీక్షలు చేసే ల్యాబులకు సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. పరీక్షకు వచ్చినవాళ్ల పేరు కొట్టి బటన్ నొక్కితే, చిన్న ప్రింటరులోంచి ఒక చీటీ వస్తుంది. దాన్ని రక్తం తీసిన గొట్టానికి అంటిస్తారు. ఆ చీటీ మీద ఎవరి పేరుంటే రక్తం వాళ్లది. ఆ చీటీలు కొట్టే ప్రోగ్రాము మైకు రాసిందే.

మేం రాసినదాంట్లో తప్పులు పట్టే ఉద్యోగం మేమంతా అక్క అని పిలిచే ఆవిడది. వయసులో మా అందరికన్నా పెద్దది, మాటల్లో మా అందరికన్నా పొదుపు. ఒకరోజు ఆవిడ రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి, రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కి చూపించింది. ఒకరి పేరు వెళ్లి ఇంకొకరి చీటీ మీద పడింది. మళ్లీ నొక్కింది. మళ్లీ పడింది.

"ఒకే క్షణంలో ఇద్దరు ఎందుకు నొక్కుతారండీ?" అన్నాడు మైకు.

"పొద్దున్నే ఏడింటికి ఏదైనా ల్యాబుకి వెళ్లి చూడండి. అన్ని కౌంటర్ల దగ్గరా జనమే."

"సరే, చూద్దాం. గురువారం నాకు పెద్ద సభ ఉంది. అది అయ్యాక కూర్చుందాం."

"ఇది ఆగే పని కాదు సార్."

"నాకూ తెలుసమ్మా. దేనికి ఎప్పుడు టైమివ్వాలో తెలియడమే కదా అసలు విద్య" అంటూ, తప్పుల జాబితాలో దాని ఎదురుగా 'అత్యవసరం కాదు' అని రాసుకున్నాడు. ఈ మాట కూడా ఆ పుస్తకంలోదే. తన పుస్తకంలోంచి తనే వాక్యాలు అప్పజెప్పే మనిషిని ఏం చేయగలం?

గురువారం వచ్చింది. మైకు ఊరి అవతల పెద్ద హాల్లో ఐదు వందల మంది ముందు నిలబడ్డాడు. ఫోన్ ఆపేశాడు. 'వేదిక ఎక్కే ముందు ఫోన్ ఆపేయండి, ప్రపంచం ఒక గంటసేపు మీరు లేకుండా బతకగలదు' అన్నది పుస్తకంలో ఆరో అధ్యాయం.

తొమ్మిదిన్నరకు ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి టెక్నీషియను ముందు నవ్వుతూనే మొదలుపెట్టాడు.

"మీ సాఫ్ట్‌వేరుకి ఏమైనా అయిందా? అరవై ఏళ్ల పెద్దాయనకి గర్భం ఉందని రిపోర్టు ఇచ్చింది."

చెబుతూ చెబుతూ అతనే నవ్వు ఆపేశాడు. పెద్దాయన గర్భం కాబట్టి కనిపించింది. ఒకరి షుగరు ఇంకొకరికి వెళ్లి ఉంటే కనిపించేదా? అక్క అప్పటికే కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

మైకుకు తొమ్మిదిసార్లు ఫోన్ చేశాం. తర్వాత మానేసి అతని కోడు మేమే తెరిచాం. రెండు గంటలు పట్టింది. సరిచేయడానికి కావలసినవి చివరికి పదకొండు వరసలు. మిగతా సమయమంతా అతను ఎక్కడ ఏం చుట్టబెట్టాడో విప్పుకోవడానికే సరిపోయింది. ఐదు వందల మందికి అరటిపండు ఒలిచినట్టు మాట్లాడగలిగే మనిషి, పక్క కుర్చీవాడికి అర్థమయ్యేలా నాలుగు వరసల కోడు రాయలేకపోయాడు.

ఆ పొద్దున చీటీలు తారుమారై ఉండే అవకాశం ఉన్నవాళ్లు నలభై మూడు మంది తేలారు. అందరినీ మళ్లీ పిలిచి మళ్లీ రక్తం తీయాలి. ల్యాబులో ఉన్నదే ఇద్దరు. తప్పు మాది కాబట్టి ఫోన్లు మేమే చేయాలన్నారు.

"కాస్త మెత్తగా మాట్లాడేవాళ్లు చేస్తే బాగుంటుంది" అన్నాడు మేనేజరు, అక్క వైపు చూస్తూ.

మాట్లాడటంలో పేరు మోసిన మనిషి మా కంపెనీలో ఒకడున్నాడన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తు రాలేదు. అక్క మీటింగు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. పన్నెండు నుంచి ఐదున్నర దాకా నలభై మూడు మందితో మాట్లాడింది. మూడింటికి మైకు పూలగుత్తితో వచ్చాడు. విషయం విని కుర్చీలో కూలబడ్డాడు. అది నటన కాదనే అనుకుంటున్నాను. కాసేపటికి లేచి, గుత్తి వాడిపోతుందని ఒక జగ్గులో నీళ్లు పోసి అందులో పెట్టాడు.

మర్నాడు భోజనాల దగ్గర అక్క నాకు ఒక పెద్దావిడ గురించి చెప్పింది. ఆవిడ ఒకప్పుడు బడిపిల్లల బట్టలు కుట్టేదట. చూపు పూర్తిగా మందగించింది. మళ్లీ రక్తం ఇవ్వాలనగానే, ఏదో పెద్ద జబ్బు బయటపడింది, తన దగ్గర దాస్తున్నారని ఏడుపు మొదలుపెట్టిందట.

"ఆయన బజారుకెళ్లాడు, వచ్చేదాకా ఫోన్ పెట్టకు తల్లీ అంది. ఎలా పెట్టేస్తాను? నలభై నిమిషాలు మాట్లాడుతూ కూర్చున్నాం. నా బ్యాగు జిప్పు పాడైందంటే, సబ్బు రాసి లాగమంది."

"బాగైందా?"

"లేదు. జిప్పు మార్చాల్సిందే."

రెండు బల్లల అవతల మైకు తలొంచుకుని తింటున్నాడు. చిన్న నోటుబుక్కు ఎప్పుడూ అతని జేబులోనే ఉండేది.

పది రోజుల తర్వాత నాకు ఒక వ్యాసం పంపాడు, అచ్చుతప్పులు చూడమని. పేరు 'నేను తలవంచిన రోజు'. తన కోడులో తప్పు దొర్లిందని, దానివల్ల జనం ఇబ్బంది పడ్డారని రాశాడు. అక్కడిదాకా నిజమే. అక్క ముందే చెప్పిందన్న ముక్క మాత్రం లేదు. మూడో పేజీలో ఈ వాక్యం ఉంది: 'ఆ నలభై మూడు మందికీ నేనే స్వయంగా ఫోన్ చేశాను.' దాని కింద చూపు మందగించిన టైలరమ్మ, ఆమె కన్నీళ్లు, నలభై నిమిషాలు, అంతా ఉంది. జిప్పు మాత్రం వదిలేశాడు. అది తన స్థాయికి తగదనుకుని ఉంటాడు.

ఇక్కడ నా ఘనకార్యం కూడా చెప్పాలి. నా దగ్గర అప్పటికి ఆరు కథలున్నాయి. ఎవరికీ చూపించలేదు. మైకుకు ఒక్కడికే చూపించాను. తన ప్రచురణకర్తతో మాట్లాడతానని మాటిచ్చాడు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. తర్వాత రెండు దీర్ఘాలు దిద్ది, 'చాలా బాగుంది సార్, కళ్లు చెమర్చాయి' అని రాసి పంపాను. నా కళ్లకేమీ కాలేదు.

వ్యాసం చేతులు మారి చాలా దూరం వెళ్లింది. తప్పు ఒప్పుకునే గుండె ఎంతమందికి ఉంటుందని జనం మెచ్చుకున్నారు. ఒక ఆదివారం పొద్దున గ్రంథాలయం హాల్లో అతని ప్రసంగం పెట్టారు. మేనేజరు మమ్మల్నందరినీ రమ్మన్నాడు. అక్క ఆ వ్యాసం చదవలేదు. మైకు రాసినవి చదివే అలవాటు ఆవిడకు లేదు. నేను చెప్పలేదు.

మైకు గంటసేపు మాట్లాడాడు. టైలరమ్మ దగ్గరికొచ్చేసరికి గొంతు సన్నం చేశాడు. మూడో వరసలో అక్క తల మెల్లగా పైకి లేచింది. ఆ తర్వాత ఆ తల నా వైపు తిరిగింది. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

ప్రశ్నల సమయంలో వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. పోస్టుమాన్‌గా పనిచేసి రిటైరయ్యానని చెప్పుకున్నాడు.

"ప్రశ్నేం లేదు బాబూ. మీరు చెప్పింది మా ఆవిడ గురించే. ఆ రోజు నేను ఇంటికొచ్చేదాకా ఫోన్‌లో దానికి తోడున్నారు. మీ వ్యాసం చూసి, ఆ ఫోన్ చేసినవాళ్లు ఇక్కడికి వస్తున్నారని చెప్పాను. ఒకసారి దగ్గరికెళ్లి దండం పెట్టుకుంటానంటే తీసుకొచ్చాను."

హాలంతా చప్పట్లు. పక్కన కూర్చున్న ఆవిడ భర్త చెయ్యి పట్టుకుని లేచింది. ఎవరో మైకు అందించారు. ఆవిడ దాన్ని గడ్డానికి ఆనించుకుని నిలబడింది.

"ఇందాకట్నుంచీ వింటున్నాను బాబూ. మీరు కాదు. నాతో మాట్లాడింది ఆడపిల్ల."

మా మైకు నీళ్లు నమిలాడు. అతను అలా నమలడం నేను చూసింది అదొక్కసారే, అదీ మూడు సెకన్లే. తర్వాత తేరుకున్నాడు.

"అమ్మా, మా టీములో ఎవరు మాట్లాడినా అది నా గొంతేనమ్మా."

మళ్లీ చప్పట్లు. ఇందాకటికన్నా గట్టిగా కొట్టారు. నేను చుట్టూ చూశాను. చదువుకున్నవాళ్లు, పుస్తకాలు కొనేవాళ్లు, కొందరు మా రంగంవాళ్లే. ఒక్కరికైనా ఆ మాటకు అర్థమేమిటన్న అనుమానం రాలేదు.

"అదెలా కుదురుతుంది?" అంది టైలరమ్మ. చేతిలో మైకున్న సంగతి మర్చిపోయి భర్తనే అడిగింది. "మగాయన గొంతు, ఆ పిల్ల గొంతు ఒకటెలా అవుతాయి? ఇంతకీ ఆ పిల్ల వచ్చిందా, రాలేదా?"

అక్క లేచింది. కుర్చీల మధ్య నుంచి వెనక్కి నడిచి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నేనేనండీ. రిపోర్టు బాగానే వచ్చిందా?"

ముసలావిడ మొహం విచ్చుకుంది. "ఇదిగో, ఈ పిల్లే" అంది. "సబ్బు రాశావా?"

"రాశానండీ. జిప్పు మార్చాల్సి వచ్చింది."

"మంచిది కొన్నావా? ఇత్తడిది అడగాలి."

మైకు ఇంకా ఆవిడ చేతిలోనే ఉండటంతో ఇత్తడి జిప్పు సంగతి హాలంతా వినిపించింది. ఇద్దరూ మాట్లాడుకుంటూ వరండాలోకి వెళ్లిపోయారు. పోస్టుమాన్ మైకును కుర్చీ మీద జాగ్రత్తగా పెట్టి వాళ్ల వెనకే వెళ్లాడు. ముందు వరసలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తి, మూడు పనులూ ఎలా చక్కబెట్టుకుంటారని అడిగింది. వేదిక మీద మనిషి కళ్లజోడు తీశాడు.

నేను వరండాలోకి వెళ్లేసరికి ముసలివాళ్లిద్దరినీ ఆటో ఎక్కించి అక్క వెనక్కి వస్తోంది.

"ఆ వ్యాసం నువ్వు ముందే చదివావా?"

"చదివానక్కా."

"ఫోన్లు తనే చేశానన్న ముక్క కూడా?"

"ఆ."

"మరి?"

నా కథల గురించి చెప్పాను. ఆవిడ తిడుతుందేమోనని ఎదురుచూశాను.

"వేయిస్తానన్నాడా?"

"అన్నాడు."

"అయితే వేయించుకో" అంది. గొంతులో కోపం లేదు. పనికిరాని పెన్నును పక్కన పెట్టినట్టు ఉంది. అంతకన్నా చెంపదెబ్బ నయం.

సోమవారం అక్క మేనేజరుకు నాలుగు వరసల ఉత్తరం రాసింది. తప్పు తను చూపించిన తేదీ, దాని ఎదురుగా మైకు రాసుకున్న మాట, తప్పు సరిచేసింది ఎవరు, ఫోన్లు చేసింది ఎవరు. అంతే, ఒక్క విశేషణం లేదు. నకలు ల్యాబుకు కూడా పంపింది. ల్యాబువాళ్లు గట్టిగా నిలదీశారు. ఆ వారంలోనే మైకును కోడు జోలికి రాకుండా తప్పించారు. తప్పించి ఏం చేశారు? ప్రచార విభాగానికి పెద్దను చేసి, విడిగా గది ఇచ్చారు. అతనికి అది శిక్షని ఎవరూ చెప్పలేదు, అతనూ అనుకోలేదు. ఇప్పుడు పగటి ఏడు గంటలూ ప్రసంగాలే. వ్యాసాన్ని పుస్తకం కొత్త ముద్రణలో చేర్చాడు. ఆ వాక్యం కూడా సవరించాడు. 'నేనే' తీసేసి 'మేమే' అని పెట్టాడు. ఒక్క మాటతో నిజాయితీపరుడైపోయాడు.

నాకిచ్చిన మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. ప్రచురణకర్త నుంచి ఒప్పుకుంటూ ఉత్తరం వచ్చింది. దానితోపాటు మైకు రాసిన ముందుమాట. రాయడం, పనిచేయడం రెండూ కలిపి ఎలా బతకాలో ఈ కుర్రవాడు తన దగ్గరే నేర్చుకున్నాడని అందులో ఉంది. కథలు వెనక్కి తీసుకున్నాను. ఇదేదో తెగువ అనుకోకండి. ఆ ముందుమాట ఉన్న పుస్తకం అక్క చేతికివ్వాల్సి వస్తుందని తలచుకుంటేనే నాకు అన్నం సహించలేదు.

తర్వాత ఆ ఆరు కథలూ కాగితాల మీద తీసి అక్క బల్ల మీద పెట్టాను. వారం దాకా పలకలేదు. ఎనిమిదో రోజు కాగితాలు తిరిగిచ్చింది, పైన ఒక జాబితాతో. పదిహేడు తప్పులు. మూడో కథలో తాతయ్య రెండుసార్లు చనిపోయాడట. ఐదో కథలో ఒక తండ్రి కూతుర్ని క్షమించాడని రాశాను, కానీ కూతురు చేసిన తప్పేమిటో ఎక్కడా లేదట.

"బాగున్నాయా అక్కా?" అని అడిగాను.

"ముందు ఇవి సరిచెయ్" అంది.

ఇప్పటికి నాలుగు సరిచేశాను.