దారాల గది ఫ్యాను

మిల్లులో దారాలు చుట్టే గదికి ఉన్నదే ఒక్క పెద్ద స్టాండు ఫ్యాను. నెల కిందట ఫోర్‌మన్ దాన్ని పట్టుకుపోయి పెద్ద మిషను దగ్గర పెట్టేశాడు. మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవు వేడెక్కి, మిషను ఆగిపోతోందట. డ్రైవు ఉన్న ఇనప బీరువా తలుపులు బార్లా తెరిచి, ఎదురుగా ఫ్యాను పెట్టి గాలి విసరడం మొదలైంది. కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద జరగదు. ఇంత సేవ చేసినా అది గంటకోసారి ఆగుతూనే ఉంది. అక్కడ దారాల గదిలో పన్నెండు మంది ఆడవాళ్ళు చెమటలు కక్కుతున్నారు. నిన్న ఒకామె కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమె సాక్షాత్తూ ఫోర్‌మన్ పెళ్ళాం. అయినా ఆయన మిషను దగ్గర్నుంచి కదల్లేదు.

ఆవిడ మొహాన నీళ్ళు చల్లింది తోడికోడలు, ఆ మిల్లు ఎలక్ట్రీషియన్. ఇవాళ తాడో పేడో తేల్చుకోవాలనే వచ్చింది.

“బావగారూ, ఈ ఫ్యాను ఇవాళ వెనక్కి వెళ్తుంది.”

“వెళ్తే డ్రైవు చస్తుంది. దాని లోపలి ఫ్యాను బాగానే తిరుగుతోందిగా, నువ్వేం చేస్తావ్?”

“తిరిగితే సరిపోతుందా?”

డ్రైవు లోపలి చిన్న ఫ్యాను కింది నుంచి చల్లగాలి పీల్చి, పైనుంచి వేడి వదలాలి. ఆమె స్టాండు ఫ్యాను ఆపి, పల్చటి కాగితం ముక్కని డ్రైవు పైచిల్లుల దగ్గర పట్టుకుంది. ఎగరాల్సిన కాగితం చిల్లులకి అతుక్కుపోయింది.

“తలకిందులుగా బిగించారు. వేడిని మళ్ళీ లోపలికే తోస్తోంది. కిందటి నెల దీన్ని విప్పి తుడిచిందెవరు?”

తుడిచింది ఆయనే. పాతికేళ్ళ అనుభవం అంటూ ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు.

ఆమె మిషను ఆపేసింది. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

“దీని తర్వాత మళ్ళీ ఆగిందా, రేపట్నుంచి నీకిక్కడ పని లేదు!”

“సరే. ఆగకపోతే ఫ్యాను మాది.”

ఆపాక కూడా డ్రైవులో కరెంటు కాసేపు నిలవుంటుంది. ఆ కాసేపూ ఆయన తిడుతూనే ఉన్నాడు, ఆమె చేతులు కట్టుకుని వింటూనే ఉంది. తర్వాత మీటరు పెట్టి చూసి, నాలుగు స్క్రూలు విప్పి, ఫ్యాను తిప్పి బిగించింది. స్టాండు ఫ్యాను పుణ్యమా అని లోపల పేరుకున్న దూది నుసిని బ్రష్షుతో దులిపింది. మిషను నడిపించి, బీరువా తలుపులు మూసి తాళం వేసింది.

“మూస్తే ఉడికిపోతుంది!”

“మూస్తేనే గాలి బీరువా జాలీల్లోంచి దాని దారిన అది పోతుంది. తెరవాలంటే ముందు నన్ను దాటండి.”

తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. గంట గడిచింది. రెండు గంటలైంది. మిషను ఆగలేదు.

ఫోర్‌మన్ గొంతు తగ్గింది. “అమ్మాయ్, రిపోర్టులో ఫ్యాను పాతబడి పాడైందని రాసెయ్. మన ఇంటి పరువు...”

ఆమె ఉన్నదున్నట్టు రాసింది. తలకిందులుగా బిగించిందెవరో కూడా రాసింది.

“ఇంటి పరువు నిన్న దారాల గదిలో నేలమీద పడిపోయింది బావగారూ. మీరే లేపడానికి రాలేదు.”

స్టాండు ఫ్యానుని బరబరా ఈడ్చుకుంటూ వెళ్ళి దారాల గదిలో పెట్టి, స్విచ్చి వేసింది. ఫోర్‌మన్ పెళ్ళాం కుర్చీలోంచి భయంగా చూసింది.

“మీ బావగారు ఒప్పుకున్నారా?”

“అడగలేదక్కా,” అని ఫ్యానుని ఆవిడ వైపు తిప్పింది.