మూడో కుప్ప

ఐలవ్వ తోవ పక్కన కూర్చుని, తట్టలోని పుట్టకొక్కులనే అడవి పుట్టగొడుగులను గోనెసంచి మీద కుమ్మరించి వేళ్లతో విడదీస్తోంది. వాన వెలిసిన పొద్దు. ఉట్నూర్ వెళ్లే జీపులు బురద చిమ్ముకుంటూ పోతున్నాయి. తినేవి ఎడమ పక్కకు, తిననివి కుడి పక్కకు. ఎటూ వేయలేనివి కాళ్ల దగ్గరికి.

ఆ మూడో కుప్పంటే ఆమె తల్లికి గిట్టేది కాదు. "అడివిల తినేటిది, తిననిది, గంతేనే. నడుమది ఎక్కడికెళ్లి తెచ్చినవ్?" అని కసురుకునేది. పుట్ట మీద మొలిస్తే మంచిది, పురుగు కొరికితే మంచిది, చేదు తగలకుంటే మంచిది. ఆ లెక్కతోనే ఆమె బతికి, పిల్లల్ని బతికించింది.

ఐలవ్వకు మాత్రం వయసు మీదపడేకొద్దీ అనుమానం పెరిగింది. పురుగుకు పడింది మనిషికి పడాలని ఎక్కడుంది? మొగ్గప్పుడు ఒక తీరు, విచ్చుకున్నాక ఇంకో తీరు. అది ఒక్క రకమా, రెండు రకాలా? మొగుడు పోయిన నాటి నుంచి ఈ తట్టే ఆమెకు కూడు పెడుతోంది. అయినా చేతిలో తిప్పి తిప్పి చూసి, సగం సరుకు కాళ్ల దగ్గరే పడేసి పోతోంది. ఒకప్పుడు చూపుతోనే తేలిపోయేవి, ఇప్పుడు ఎంత చూసినా తేలడం లేదు.

ఇవాళ చివరగా ఒకటి మిగిలింది. తెల్లటి గొడుగు, నున్నటి కాడ. ఇది మాత్రం మొదలుతో సహా ఊడి వచ్చింది. మట్టి రాల్చి చూస్తే అడుగున పగిలిన గుడ్డు పెంకులాంటి తిత్తి. పుట్ట మీది దానికి అలా ఉండదు. దాని కాడ సన్నబడుతూ వేరులాగా లోపలికి దిగుతుంది.

ఐలవ్వ వేళ్లు ఆగిపోయాయి. మిగతావన్నీ నిన్న వాన ముంచుకొస్తుంటే కొడవలితో పైపైన కోసినవి. వాటి మొదళ్లు మట్టిలోనే ఉండిపోయాయి. పైన చూస్తే అన్నిటిదీ ఒకే పోలిక.

వాటిలోవే ఇందాక జీపు డ్రైవర్ ముష్తాక్ కొనుక్కుపోయాడు. అతని భార్య అజీజా కడుపుతో ఉంది, నోరు రుచి తప్పిందని అడిగిందట.

వాటిలోవే నిన్న పొద్దుగూకాక ఐలవ్వ వండుకుని తిన్నది.

కడుపు మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. ఏమీ లేదు. సరుకంతా అక్కడే వదిలేసి బస్టాండు వెనుక గల్లీకి పరుగులాంటి నడకతో పోయింది. ముష్తాక్ ఇంటి ముందుకు వచ్చేసరికే వేగిన ఉల్లిగడ్డ వాసన.

"పొయ్యి బంద్ చెయ్యి బిడ్డా," గడప అవతలి నుంచే అరిచింది.

"ఏమైందవ్వా? ఉడికింది. కూసో, నువ్వు గూడ ఇంత తినిపో."

"అవి మంచియో కావో నాకు సమజైతలేదు."

అజీజా నవ్వింది. "నీకే సమజ్ కాకపోతె ఇంకెవరికైతది? నువ్వు తినలేదా?"

ఐలవ్వ గడప దాటి లోపలికొచ్చింది. తినలేదందామనుకుంది. అబద్ధం చెప్పలేకపోయింది.

"తిన్న. నిన్న మాపటికి."

"మరింకేంది? మంచిగనే ఉన్నవ్ గద! ఊకె పరేషాన్ చేస్తవ్." అజీజా గరిటె అందుకుంది.

"నన్ను జూసి తినకు బిడ్డా!" ఐలవ్వ ఆ గరిటె పట్టుకుంది. "నేను మంచిగున్ననో లేదో నాకే ఎరుక లేదు. రేపటిదాక ఆగు. రేపు నేను నడిచొస్తె, అడివంత తెచ్చి పోస్త."

అజీజా ముఖంలో నవ్వు పోయింది. పొయ్యి ఆర్పి, పొట్ట మీద చెయ్యి వేసుకుని వెనక్కి జరిగింది.

ఐలవ్వ గిన్నెను కొంగుతో పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. కోళ్లు కెలకకుండా లోతుగా గుంత తవ్వి కూర పూడ్చింది. గిన్నెను బూడిదతో తోమింది, కడిగింది, మళ్లీ తోమింది. గోడ వారన బోర్లించింది.

"ఈ గిన్నెల మల్ల వండకు."

"ఎన్నటిదాక అవ్వా?"

"నేనొచ్చి చెప్పెదాక."

పొద్దు వాలేసరికి తోవ పక్కనే ఆమెకు కడుపు దేవింది. వాంతులు ఆగలేదు. ముష్తాకే జీపులో దవాఖానకు తీసుకుపోయాడు. ఏ రకం తిన్నావని డాక్టర్ అడిగితే "తినేటియే అనుకున్న సారూ" అంది.

మర్నాటికల్లా తేరుకుంది. లేచి కూర్చుని గంజి తాగింది. "అజీజాకు పానం మంచిగుందా?" అని అడిగింది. బాగుందని ముష్తాక్ చెబితే గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. మరుసటి పొద్దున ఆ కళ్లు పచ్చబడటం ముందుగా చూసింది నర్సు. ఆదిలాబాద్‌లోని పెద్ద దవాఖానకు తరలించారు. అక్కడ, పక్క మంచం వాళ్లు చాయ్ తాగుతున్న వేళ, ఎవరినీ పిలవకుండానే ఐలవ్వ ప్రాణం పోయింది.

వానాకాలం పోయింది. అజీజాకు కూతురు పుట్టింది. పెరట్లో గోడ వారన, చుట్టూ గడ్డి మొలిచిన చోట, బూడిద చారలు ఎండిన ఆ గిన్నె ఇంకా బోర్లించే ఉంది.