జిల్వాన్ కాళ్ల కింద గడ్డి

షెర్లిన్ పొద్దున్నే స్కూటీ బయటికి తీసే వేళకు వాళ్ల నాన్న జెరెమియా కొడవలి పట్టుకుని మెట్లమీది గడ్డి కోస్తూ ఉంటాడు. పైపోర్షన్‌లో అద్దెకుండే జిల్వాన్ తెల్లవారుతూనే పరుగుకు పోతాడు. అతను అడుగు పెట్టిన చోటల్లా, అది సిమెంటు మెట్టయినా తారు రోడ్డయినా, కాసేపటికి గడ్డి మొలుస్తుంది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక ఆ సందులో ఎవరికీ ఇది వింత కాదు. హాస్టల్ పిల్లలు ఆ గడ్డి మీదే నిలబడి ఇడ్లీలు తిని క్లాసులకు పరిగెత్తుతారు. ఎదురింటి కమలకుమారి గారికి మాత్రం ముగ్గు బెంగ.

"జెరెమియా గారూ, మీ పైపోర్షన్ అబ్బాయిని కాస్త ఆ పక్కనుంచి నడవమనండి. గేటు ముందు ముగ్గేసే చోటు లేకుండా పోతోంది."

"చెప్పిన అమ్మా. ఆయన పక్కపొంటే పోతుండు. గడ్డే ఇటు పాకుతుంది. నేనేం చెయ్యాలె?"

"సరే, కోసింది మాత్రం పారెయ్యకండి. మా పాలతను గేదెలకు తీసుకెళ్తానన్నాడు."

జిల్వాన్ బ్రెజిల్ వాడు, ఫుట్‌బాల్ ఆటగాడు. ఆ దేశంలో ఈశాన్యాన, వానలు ముఖం చాటేసే ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. అమ్మ నలుగురిళ్ల బట్టలు ఇస్త్రీ చేసి పెంచింది. రైలు షెడ్డు పక్కన ఎర్రదుమ్ములో వట్టికాళ్లతో ఆడేవాడు. వాడు ఆడేకొద్దీ ఆ దుమ్ము పచ్చబడింది. ఆట చూసి పక్క పట్నం క్లబ్బు తీసుకుంది. అక్కణ్ణుంచి పెద్ద నగరం, తర్వాత పోర్చుగల్, సైప్రస్, గోవా. ఎక్కడా స్టార్ కాలేదు. ఎక్కడా ఊరికే కూర్చుని తినలేదు. బంతి అందుకోక ముందే అది ఎవరికి చేరాలో తెలిసిన ఆటగాడని తోటివాళ్లు అనేవారు. చివరికి హైదరాబాద్ క్లబ్బు పిలిస్తే వచ్చాడు.

ఆ క్లబ్బులో షెర్లిన్ ఫిజియోథెరపిస్టు. రెండో సీజన్‌లో ఒక డిఫెండర్ వచ్చి మీద పడటంతో జిల్వాన్ మోకాలి లిగమెంటు తెగిపోయింది. పంజాగుట్టలో ఆపరేషన్ అయింది. ఆ తర్వాత అతన్ని మళ్లీ నిలబెట్టింది షెర్లినే. నొప్పికి అతను తన భాషలో బూతులు తిట్టేవాడు. అవి బూతులని గొంతులోనే తెలిసేది కాబట్టి ఆమె తెలుగులో తిరిగి తిట్టేది. క్లబ్బువాళ్లు ఇచ్చిన గది అయిదో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కర్రలతో ఆ మెట్లెక్కడం చూడలేక తమ ఇంటి పైపోర్షన్‌కు తీసుకొచ్చింది. జెరెమియా పక్కన కూర్చుని చాయ్ తాగుతూ అతను తెలుగు నేర్చుకున్నాడు. అందుకే అతనికి వచ్చిన తెలుగు అచ్చం జెరెమియా తెలుగే.

ఇప్పుడు మోకాలు బాగైంది. షెర్లిన్ చేతులకు ఆ సంగతి స్పష్టంగా తెలుసు. కానీ జిల్వాన్‌ను ఎవరూ ఆడనివ్వడం లేదు.

క్లబ్బు యజమాని కామరాజు గారిది ఇళ్ల స్థలాల వ్యాపారం. జిల్వాన్ కర్రలతో నడుస్తున్న రోజుల్లో, ఫొటోల కోసమని అతన్ని ఒక కొత్త వెంచర్ ప్రారంభానికి పిలిచారు. సాయంత్రానికి ఆ మొరం నేలంతా పచ్చబడింది. కొనేవాళ్లు ఎగబడ్డారు. అప్పట్నుంచి పొద్దున్నే సందు చివరకు క్లబ్బు కారు వస్తోంది. తీసుకెళ్లేది ప్రాక్టీసుకు కాదు, ప్లాట్లకు. అక్కడ గట్టు గట్టునా నడిపించి సాయంత్రం దింపేస్తారు. పేపర్లకు మాత్రం మోకాలు ఇంకా తగ్గలేదని చెబుతారు. కామరాజు గారు వదిలితే తప్ప ఇంకో క్లబ్బు అతన్ని తీసుకోవడానికి లేదు. ముప్పై దాటిన ఆటగాడు ఇంకో ఏడాది ఆడకుండా కూర్చుంటే, ఆ తర్వాత వదిలినా పిలిచేవాళ్లుండరు.

షెర్లిన్ ముందు కోచ్ నర్సింహులును అడిగింది.

"అన్నా, ఆయన ఫిట్‌గా ఉన్నడని నీకూ తెలుసు. టీంల ఎందుకు పెడ్తలేవు?"

నర్సింహులు విజిల్ నోట్లో పెట్టుకుని, మళ్లీ తీశాడు. "జర ఓపిక పట్టు షెర్లిన్. నాకు సుత పిల్లలున్నరు."

ఆ మాటతో ఆమెకు కోచ్ మీద కోపం పోయి జాలి కలిగింది. ఆ కోపమంతా కామరాజు గారి మీదికి మళ్లింది. అదే వారం ఆయనే పిలిపించాడు. పంజాగుట్టలో ఫ్లైఓవర్‌కు ఎదురుగా ఆఫీసు. కుర్చీ చూపించి కాఫీ చెప్పాడు.

"రేపు ప్రెస్ వాళ్లు వస్తారమ్మా. జిల్వాన్ మోకాలికి ఇంకో ఏడాది విశ్రాంతి కావాలని నువ్వు చెప్పాలి. ఫిజియో చెబితే నమ్ముతారు."

"సార్, ఆయన మోకాలు నా మోకాలి కన్నా బాగుంది."

"ఏంటమ్మా, నేనేమైనా కొడుతున్నానా, తిడుతున్నానా? ఏసీ కారులో తీసుకెళ్లి నడిపిస్తున్నాను. వాడు గోల్ కొడితే ఎవడు చూస్తాడు ఈ ఊళ్లో? నడిస్తే వెంచరంతా పచ్చగా ఉంటోంది."

"మీరు ఆయన్ని ఆడనీకి తెచ్చిండ్రు సార్."

"తెచ్చింది నేను. ఎక్కడ వాడుకోవాలో నేను చూసుకుంటాను. నువ్వు చెప్పవా?"

"చెప్ప."

కాఫీ తాగకుండా లేచి వచ్చేసింది. కింద పార్కింగులో నిలబడి సంచంతా వెతికినా స్కూటీ తాళం దొరకలేదు. అది ఆమె చేతిలోనే ఉంది.

ఇంటికొచ్చి జరిగిందంతా జిల్వాన్‌కు చెప్పింది. అతను మెట్ల మీద కూర్చుని విన్నాడు. కోపంతో లేచి ఏదైనా విసిరికొడతాడనుకుంది. అతను నెమ్మదిగా అన్నాడు.

"నా ఫస్ట్ క్లబ్బుల ఒక తాత ఉండె షెర్లీ. గ్రౌండ్‌కు నీళ్లు కొట్టేటోడు. నేనొచ్చినంక గడ్డి దానంతటదే పెరుగుతుందని ఆయనను పొమ్మన్నరు. తాత నన్ను ఏమన్లే. నా కాళ్ల దిక్కు చూసి పోయిండు. ఆ దినం నాకు అన్నం దిగలే." మెట్టు మీది గడ్డిపోచ ఒకటి పీకాడు. "నేను గడ్డి కోసం ఆడలే. ఆడుతుంటే గడ్డొచ్చింది. గంతే."

ఆ ఆదివారం ఊరి బయట కామరాజు గారి పెద్ద వెంచర్ ప్రారంభం. షామియానాలు వేసి, కొనేవాళ్లను బస్సుల్లో తీసుకొచ్చారు. జిల్వాన్‌ను రెండు కట్టెలకు కట్టిన రిబ్బన్ దగ్గర దింపారు. అతను నడిచాడు. అందరూ మజ్జిగ తాగుతూ ఎదురుచూశారు. గడ్డి రాలేదు. మళ్లీ నడిపించారు. ఒక్క పోచ లేదు. బూట్లు అడ్డమేమోనని విప్పించి, ఎండకు కాగిన మొరం మీద వట్టికాళ్లతో నడిపించారు. మధ్యాహ్నమైనా నేల ఎర్రగానే ఉంది.

ఆఫీసులో కంప్యూటర్ పని చూసే ప్రవీణ్ ఓ పక్కకు పోయి షెర్లిన్‌కు ఫోన్ చేశాడు. "మేడమ్, జర మీరు రండి. ఆయన కాళ్లు చూడబుద్ధి అయితలేదు."

షెర్లిన్, జెరెమియా చర్చి నుంచి అటే వచ్చారు. జిల్వాన్ అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. అయినా నడుస్తూనే ఉన్నాడు. షెర్లిన్ నోరు తెరిచేలోపే జెరెమియా ముందుకు దూకాడు. పాస్టర్ ఎదుట కూడా గొంతు పెంచి మాట్లాడని మనిషి. తెల్లచొక్కా, చంకలో బైబిలు.

"మనిషివేనా సార్ నువ్వు? దున్నే ఎద్దును సుత ఈ యాళకు నీడకు కడ్తరు. గీ పిలగాడు నీకేం అన్యాయం చేసిండు? నీ కొడుకును గిట్లనే నడిపిస్తవా?"

కొనడానికి వచ్చిన ఒకావిడ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, భర్త చెయ్యి పట్టుకుని బస్సు వైపు నడిచింది. ఆమె వెనక ఇంకొందరు. కామరాజు గారు మైకు వాడి మీద అరిచాడు, డ్రైవర్ మీద అరిచాడు. జెరెమియా కళ్లలోకి మాత్రం చూడలేకపోయాడు. షెర్లిన్ జిల్వాన్‌ను భుజం పట్టి ఆటోలో ఎక్కించింది.

గడ్డి ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. జిల్వాన్‌కే తెలియదు. ఆ వారమంతా ఇంటి మెట్ల మీద కూడా మొలవలేదు. కమలకుమారి గారు గేటు ముందు నిండుగా ముగ్గేసింది, కానీ కళకళలాడే ఆ ముగ్గును చూసి ఆమెకు సంతోషం కలగలేదు. "జ్వరమేమన్నా తగిలిందేమో కనుక్కోండి" అని రసం గిన్నె పంపించింది. బొబ్బలు మానగానే కాంట్రాక్టు చూపించి, కామరాజు గారు అతన్ని ఇంకో రెండు వెంచర్లకు తిప్పి చూశాడు. లాభం లేకపోయింది. చివరికి ఇద్దర్నీ ఆఫీసుకు రమ్మన్నాడు.

"నా మాట కాదన్న ఫిజియో నాకొద్దు. నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు షెర్లిన్‌తో. తర్వాత జిల్వాన్ వైపు వేలు చూపించాడు. "గడ్డి రానివాడు నాకెందుకు? ప్రవీణ్, వీణ్ణి సిస్టమ్‌లో రిలీజ్ చేసెయ్. ఎక్కడికి పోతాడో పోనీ."

ఆ ఆఖరి మాట చెవిన పడగానే జిల్వాన్ ఊపిరి పీల్చుకున్నాడు. షెర్లిన్ తల దించుకుని ఉంది కాబట్టి ముందు చూసింది ఆమే. జిల్వాన్ బూట్ల చుట్టూ కార్పెట్ చీల్చుకుని సన్నగా, లేతగా గడ్డి మొలుస్తోంది.

చేతిలోని సంచి అతని కాళ్ల దగ్గర పడేసింది. సంచి పక్కనుంచి ఇంకో పోచ లేచింది. వంగి సర్దుతున్నట్టు నటిస్తూ చున్నీ పరిచింది. బల్ల అవతలున్న కామరాజు గారికి నేల కనబడదు. పక్కన కంప్యూటర్ దగ్గరున్న ప్రవీణ్‌కు కనబడుతుంది. అతను గడ్డిని చూశాడు. షెర్లిన్ ముఖం చూశాడు. అతని వేలు కీబోర్డు మీద ఆగిపోయింది.

"ఏంటి ఆలస్యం?" అన్నాడు కామరాజు గారు.

"నెట్ స్లో ఉంది సార్." ప్రవీణ్ గట్టిగా ఒక మీట నొక్కాడు. "అయిపోయింది. రిలీజ్ అయిండు."

"అయితే బయల్దేరండి."

షెర్లిన్ చున్నీ లాక్కుని, జిల్వాన్ చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిచింది. వాళ్ల వెనక తలుపు దాకా కార్పెట్ పచ్చబడింది. తలుపు మూసుకునేలోపు వెనకనుంచి, "ఆగు! ఏయ్, ఆపండి వాణ్ణి!" అన్న కేక వినిపించింది. ఇద్దరూ ఆగలేదు. మెట్లు దిగి రోడ్డు మీద పడ్డారు. జిల్వాన్ నడుస్తుంటే ఫుట్‌పాత్ టైల్స్ లేచిపోయేలా గడ్డి పైకి తన్నుకొచ్చింది. పార్క్ చేసిన బైకుల చక్రాలు అందులో మునిగిపోయాయి. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు, "అన్నా, జర జల్దీ దాటు, బండ్లు ఆగిపోతున్నయ్" అని దారిచ్చాడు. కామరాజు గారి మనుషులు మెట్రో స్టేషన్ దాకా వెంటపడ్డారు గానీ, నడుమెత్తు గడ్డిలో ముందుకు పోలేక వెనక్కి తిరిగారు.

తర్వాత షిల్లాంగ్ క్లబ్బు నుంచి పిలుపు వచ్చింది. అక్కడ మైదానంలో ప్లాస్టిక్ గడ్డి. జిల్వాన్ అడిగిన మొదటి విషయం అదే. అందులో అసలు గడ్డి మొలిచినా ఎవరూ కనిపెట్టలేరని నవ్వుతూ సామాను సర్దుకున్నాడు. షెర్లిన్‌కు యూసుఫ్‌గూడలో ఒక చిన్న క్లినిక్‌లో పని దొరికింది. కామరాజు గారి మీద ఆమె కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా ఆమె అనుకోలేదు.

అతని మొదటి మ్యాచ్‌ను తండ్రీకూతుళ్లు సోఫాలో కూర్చుని ఫోన్లో చూశారు. చివరి అరగంటకు జిల్వాన్‌ను మైదానంలోకి దింపారు. గోల్ కొట్టలేదు. ఒకసారి బంతితో దూసుకుపోతుంటే వెనకనుంచి ఒకడు చొక్కా పట్టి లాగి పడేశాడు. రెఫరీ విజిల్ ఊదలేదు. జిల్వాన్ లేచి నేరుగా రెఫరీ మీదికి పోయాడు. చేతులు తిప్పుతూ, ముఖం ఎర్రబడేలా అరిచాడు. పసుపు కార్డు చూపిస్తే ఇంకా గట్టిగా అరిచాడు.

జెరెమియా కంగారుపడ్డాడు. "గొడవ పెట్టుకుంటుండేంది బిడ్డా? మళ్ల బయట కూసోబెడ్తరేమో?"

షెర్లిన్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"పెట్టుకోనియ్ డాడీ. ఆడుతున్నోడే కదా రెఫరీతోని కొట్లాడేది."