మురుగుకాలువకు వదిలిన అడుగు

నేను ఒక కొలత గొలుసును. నూరు ఇనుప లింకులు, వాటిని కలిపే చిన్న కడియాలు, పది లింకులకొక ఇత్తడి బిళ్ల, రెండు కొసలా రెండు పిడులు. పొడవు అరవై ఆరడుగులని మద్రాసు కార్ఖానావాళ్లు పిడి మీద ముద్ర కొట్టి పంపారు. ఆ ముద్ర చూసుకుని చాలాకాలం మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నన్ను కొన్నది సర్వేయరు చిదంబరయ్య. ఎండలో లాక్కుంటూ తిరిగింది ఆయన దగ్గర పనిచేసే దేవసహాయం. పొలాలు కొలిచిన రోజుల్లో మనుషులు నన్ను పెద్దగా పట్టించుకునేవారు కాదు. గట్టు జానెడు అటో ఇటో అయినా నవ్వేసి వెళ్లిపోయేవారు. తెనాలి చుట్టుపక్కల పొలాలు ప్లాట్లవడం మొదలయ్యాక అదే మనుషులు పంచె ఎగ్గట్టి, నేల మీద బోర్లా పడుకుని నా కొస ఎక్కడ ఆగిందో చూడసాగారు. అంత గౌరవం నాకు ఎప్పుడూ దక్కలేదు.

వెంకటప్పయ్య గారి పొలం అలాగే మా చేతికి వచ్చింది. తండ్రి నాలుగెకరాలు వదిలి పోయాడు. తారురోడ్డు వైపు రెండెకరాలు వెంకటప్పయ్యకు, వెనక రెండూ చెల్లెలు శేషరత్నానికి. ఆవిడ వాటా కోసం వకీలు చేత కాగితం పంపించింది. భర్త తరఫువాళ్లు పంపించారని కొందరు, ఆవిడే పంపిందని కొందరు. వచ్చి అడిగితే కాదనేవాడినా అని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. వాటా ఇచ్చాడు, మాట మానేశాడు.

లేఅవుటు వేయాలంటే పంచాయతీ నిబంధనలున్నాయి. రోడ్డు ముప్పైమూడడుగులకు తగ్గకూడదు. పదో వంతు స్థలం పార్కుకు రాసివ్వాలి. రోడ్డును మధ్యలో ఆపకూడదు, వెనక భూమికి కూడా దారి దొరికేలా హద్దు దాకా వేయాలి. మొదటి రెండూ వెంకటప్పయ్య నిక్కచ్చిగా పాటించాడు. మూడోదాని దగ్గరే మనసు ఎదురుతిరిగింది. రోడ్డు చివర, చెల్లెలి గట్టుకు ముందు, ఒక అడుగు మురుగుకాలువకని తన పేరనే ఉంచుకున్నాడు. కాలువ తవ్వే ఉద్దేశం ఆయనకు ఏ కోశానా లేదు. ఆ అడుగు ఉన్నంతకాలం శేషరత్నం పొలానికి రోడ్డు లేదు. దారి లేని భూమికి లేఅవుటు రాదు, ఇంటికి అనుమతీ రాదు.

కొలతకు ముందు నన్ను తాలూకా ఆఫీసు ఆవరణలో పాతిన రెండు రాళ్ల మధ్య పరిచి సరిచూడాలి. ఏళ్ల తరబడి లాగితే కడియాలు అరిగి గొలుసు సాగుతుంది. ఆ ఉదయం దేవసహాయం ఆ సంగతి గుర్తుచేశాడు కూడా. కానీ మొదటి రాయికి తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు ముహూర్తం. రాయికి పసుపు పూసి, కొబ్బరికాయ పట్టుకుని పురోహితుడు నిలబడి ఉన్నాడు. చిదంబరయ్య గడియారం చూసుకుని, తర్వాత చూద్దాంలే అన్నాడు. ముహూర్తం దాటలేదు. నేను మాత్రం ఒకటిన్నర అంగుళం సాగి ఉన్నాను.

తారురోడ్డు నుంచి గట్టు దాకా రికార్డు ప్రకారం ఎనిమిది గొలుసులు. అందులో అడుగు తగ్గించి చివరి రాయి పాతారు. గొలుసుకు ఒకటిన్నర చొప్పున ఎనిమిదింటికి ఆ రాయి పన్నెండు అంగుళాలు ముందుకు జరిగింది. అంటే ఆయన దాచుకున్న అడుగు కాగితంలోనే ఉంది. నేల మీద రోడ్డు చెల్లెలి హద్దును తాకేసింది. పాత హద్దురాయి ఎప్పుడో గట్టులో కూరుకుపోయి, పైన కంప పెరిగి ఉండడంతో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ కంప ముందు వెంకటప్పయ్య ముళ్లకంచె వేయించాడు.

వారం తర్వాత నన్ను సరిచూసినప్పుడు గుట్టు బయటపడింది. చిదంబరయ్య చెమట తుడుచుకుని, ఈ సంగతి మన మధ్యే ఉండాలని దేవసహాయానికి చెప్పాడు. నన్ను కూడా అతనికే ఇచ్చేసి మరో గొలుసు కొనుక్కున్నాడు. దేవసహాయం ఆ లేఅవుటుకే కాపలాదారుగా కుదిరి, రోడ్డు చివర గదిలో నన్ను మేకుకు తగిలించాడు.

అక్కడి నుంచి ఇరవై రెండేళ్లు చూశాను. ఇళ్లు లేచాయి, పార్కులో వేపచెట్లు పెరిగాయి. శేషరత్నం తన పొలంలో కనకాంబరాలు వేసింది. అక్కడ ఇల్లు కట్టుకోవాలని ఆవిడ కోరిక. ఊళ్లో అద్దె ఇంటి నుంచి కాలువగట్టు మీదుగా చుట్టూ తిరిగి రోజూ వచ్చేది. సాయంత్రం వెంకటప్పయ్య కంచె ముందు సిమెంటు బల్ల మీద కూర్చునేవాడు. గాలికని చెప్పేవాడు. గాలి పార్కులో ఇంకా బాగా వీస్తుంది. కంపకు అవతల ఆవిడ కూలీలను కేకలేస్తుంటే ఈయన తల కొంచెం అటు వంగేది. ఆవిడ రాని రోజు బల్ల మీద నిలకడగా కూర్చోలేకపోయేవాడు. నీ అడుగు ఇక్కడ లేదయ్యా అని చెప్పాలని నేను ఎంత కొట్టుకున్నానో. కొట్టుకుంటే గోడకు తగిలి చప్పుడయ్యేదంతే.

మొన్న వానల్లో శేషరత్నం కాలువగట్టు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కూలీల నోట ఆ మాట విన్న వెంకటప్పయ్య మర్నాడే పంచాయతీకి వెళ్లాడు. తన అడుగును రోడ్డుకు రాసిస్తానన్నాడు. కొలత పటం తెమ్మన్నారు. లైసెన్సు సర్వేయరు హారతి మూడుకాళ్ల మిషను తెచ్చి, కంప కొట్టించి, హద్దురాయి తవ్వి తీయించింది. రెండుసార్లు చూసుకుని చెప్పింది.

"బాబాయ్ గారూ, మీరు రాసిస్తానన్న అడుగు ఇక్కడ లేదండీ. రోడ్డు హద్దు దాకా ఉంది."

ఆయన నమ్మలేదు. దేవసహాయం గదిలోంచి నన్ను తెచ్చి స్టీలు టేపు పక్కన పరిచాడు. అందరి ముందూ నా ముద్ర అబద్ధమని తేలిపోయింది. వెంకటప్పయ్య నన్ను చుట్టగా చుట్టి చంకన పెట్టుకుని, కంచె కింద నుంచి దూరి, ఇరవై రెండేళ్ల తర్వాత చెల్లెలి పొలంలో అడుగుపెట్టాడు. డెబ్బై ఏళ్ల మనిషి, చొక్కా ముల్లుకు పట్టి చిరిగింది.

శేషరత్నం కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని పూలు మాల కట్టించుకుంటోంది. ఆయన జరిగింది చెప్పబోయాడు. గొలుసు, కొలత, ముహూర్తం అన్నీ కలగాపులగమయ్యాయి.

"నాకు తెలుసన్నయ్యా," అంది ఆవిడ. "ఆ యేడే దేవసహాయం వచ్చి చెప్పాడు. కొలిపించుకోండమ్మా, దారి మీదేనన్నాడు."

"మరి ఇన్నేళ్లూ ఎందుకూరుకున్నావే? కొలిపిస్తే ఇల్లు కట్టుకునేదానివి గదా."

ఆవిడ మంచి చేత్తో పూలబుట్టను పక్కకు జరిపింది.

"ఒకసారి కాగితం పంపించి పొలం తెచ్చుకున్నా. నువ్వు పోయావు. మళ్లీ ఇంకో కాగితం పట్టుకుని నీ గుమ్మం ఎక్కలేకపోయా. ఆ కంచె నువ్వే తీస్తావేమోనని చూశా."

వెంకటప్పయ్య నన్ను గట్టు మీద పడేసి కిందనే కూలబడ్డాడు. ఆయన ఏడుపు నేను వినలేకపోయాను. కాసేపటికి లేచి, దేవసహాయాన్ని గునపం తెమ్మన్నాడు. అతను పీకుతానన్నా ఇవ్వలేదు. కంచె గుంజలు ఒక్కొక్కటే తనే పెకలించాడు. ఆ తర్వాత చెల్లెలి మంచి చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి నడిపించుకుపోయాడు. ఆవిడ నెమ్మదిగా నడుస్తోంది. ఆయన అంతకన్నా నెమ్మదిగా నడుస్తున్నాడు.

నన్ను తీసుకువెళ్లడం ఇద్దరికీ గుర్తు రాలేదు. ఇంకా ఆ గట్టు మీదే ఉన్నాను, తుప్పు పడుతున్నాను. రోజూ పొద్దున ఆవిడ ఈ దారినే వస్తుంది, వెనకాలే అన్న గొడుగు పట్టుకుని వస్తాడు. ఇంకా ముగ్గు పోయని ఇంటి పునాది గురించి ఇద్దరూ వాదించుకుంటుంటే వింటూ ఉంటాను.